ఎస్‌డీఎస్‌ఎస్ పటంలో కోమా ముల్లు, అందులో తక్కువగా కనిపిస్తున్న క్రియాశీల గెలాక్సీలు: ఎంతవరకు నిజం?

స్లైస్27 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎస్‌డీఎస్‌ఎస్ (స్లోన్ డిజిటల్ స్కై సర్వే) వర్ణపటాల డేటాతో గెలాక్సీల విసనకర్ర పటం గీస్తున్నాను. రైట్ అసెన్షన్ (ఆకాశంలో తూర్పు పడమర కోణం) 120 నుంచి 255 డిగ్రీలు, డెక్లినేషన్ (ఉత్తర దక్షిణ కోణం) 26.5 నుంచి 32.5 డిగ్రీలు, రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు జరిగిన మేర) 0.01 నుంచి 0.08 వరకు తీసుకున్నాను. 1986లో డి లాపరాంట్, గెల్లర్, హుక్రా సుమారు 1,100 గెలాక్సీలతో ప్రచురించిన ముక్కకు ఆకాశంలో ఇవే హద్దులు. కోణం రైట్ అసెన్షన్, వ్యాసార్ధం ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీ లెక్కగట్టిన, విశ్వవ్యాకోచాన్ని సర్దిన కోమూవింగ్ దూరం (హబుల్ స్థిరాంకం 70, పదార్థ సాంద్రత 0.3). ఎస్‌డీఎస్‌ఎస్ వర్ణపటాల రేఖలను కొలిచిన ఎంపీఏ-జేహెచ్‌యూ పట్టికలోని తీవ్రతలు తీసుకుని, రేఖల నిష్పత్తులతో గెలాక్సీ రకం తేల్చే బీపీటీ పటం మీద, నక్షత్రోత్పత్తి గెలాక్సీలను వేరుచేసే కౌఫ్‌మన్ గీతకు పైన ఉన్నవాటిని ఏజీఎన్‌లుగా (మధ్య కృష్ణబిలం మేత మేస్తున్న క్రియాశీల గెలాక్సీలు) ఎర్ర చుక్కలు పెట్టాను.

సందేహాలు ఇవి.

ఒకటి: రైట్ అసెన్షన్ 195 దగ్గర, రెడ్‌షిఫ్ట్ 0.017 నుంచి 0.030 వరకు చుక్కలన్నీ మన వైపు గురిపెట్టిన ముల్లులా బారుగా ఉన్నాయి. అక్కడ కోమా క్లస్టర్ ఉందని తెలుసు. కానీ క్లస్టర్ ఇంత పొడవుంటుందా?

రెండు: ఆ ముల్లులో ఎర్ర చుక్కలు చాలా తక్కువ. అంటే క్రియాశీల గెలాక్సీలు క్లస్టర్లలో ఉండవా? అలాగైతే కన్యారాశి క్లస్టర్ మధ్యలో ఎం87, పెర్సియస్ క్లస్టర్ మధ్యలో ఎన్‌జీసీ 1275 ఎలా ఉన్నాయి?

మూడు: ఫలానా గెలాక్సీ ఫలానా గుంపుకు చెందినదని లెక్కప్రకారం తేల్చే పద్ధతి ఏది? పటం చూసి చేత్తో గీత గీయడం ఇష్టం లేదు.

వర్ణరేఖ

స్లైస్27 గారు, మొదటి ప్రశ్నకు జవాబు: ముల్లు డేటాలో నిజం, ఆకాశంలో కాదు. మీరు గీసింది దూరం కాదు, వేగం. రెడ్‌షిఫ్ట్‌లో రెండు భాగాలు కలిసి వస్తాయి. విశ్వవ్యాకోచం వల్ల వచ్చేది ఒకటి, క్లస్టర్ గురుత్వాకర్షణలో గెలాక్సీ అటూ ఇటూ తిరుగుతున్నందువల్ల వచ్చేది ఇంకొకటి. ఆస్ట్రోపై ఈ రెండింటినీ విడదీయలేదు, మొత్తాన్ని వ్యాకోచం కిందే జమకట్టి దూరంగా మారుస్తుంది.

కోమా సగటు వేగం సెకనుకు సుమారు 6,900 కి.మీ. సభ్యుల వేగాల చెదురు (సగటు నుంచి విచలనం) సుమారు 1,000 కి.మీ. సగటుకు రెండు వైపులా రెండేసి చెదురులు తీసుకుంటే 4,900 నుంచి 8,900 దాకా, అంటే 4,000 కి.మీ. వెడల్పు. దాన్ని 70తో భాగిస్తే 57 మెగాపార్సెక్‌లు, దాదాపు 18.5 కోట్ల కాంతి సంవత్సరాలు. మీకు కనిపిస్తున్న ముల్లు పొడవు సరిగ్గా ఇదే. క్లస్టర్ అసలు అడ్డుకొలత 5, 6 మెగాపార్సెక్‌లకు మించదు. పొడవు పదింతలు సాగింది. దీన్నే ఫింగర్స్ ఆఫ్ గాడ్ అంటారు. 1986 నాటి పటంలో మనిషి బొమ్మ నడుము భాగంగా కనిపించింది కూడా ఈ కోమా ముల్లే.

ముల్లు ఎప్పుడూ చూసేవాడి వైపే తిరిగి ఉంటుంది, అదే దాని గుర్తు. మీ పటంలో ముల్లులన్నీ ఒకే బిందువు వైపు, అంటే మన వైపు గురిపెట్టి ఉన్నాయేమో చూడండి. నిజమైన ఆకృతి అయితే అన్నీ భూమిని చూస్తూ ఉండాల్సిన పని లేదు. దీనికి విరుద్ధమైన వక్రీకరణ పెద్ద కొలతల్లో ఉంది: ఇంకా క్లస్టర్ వైపు జారుతున్న గెలాక్సీలలో మనకు ఇవతల ఉన్నవి దూరంగా, అవతల ఉన్నవి దగ్గరగా నమోదవుతాయి. అందువల్ల కోమాను తాకుతూ అడ్డంగా సాగే గెలాక్సీల గోడ గ్రేట్ వాల్ మీ పటంలో ఉన్నదానికన్నా పలచగా, పదునుగా కనిపిస్తుంది. 1987లో కైజర్ దీని లెక్క చూపించాడు.

దగ్గరి గెలాక్సీల విషయంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. కన్యారాశి క్లస్టర్‌లోని ఎం86 సెకనుకు సుమారు 244 కి.మీ. వేగంతో మన వైపే వస్తోంది. హబుల్ సూత్రంలో పెడితే దూరం ఋణ సంఖ్య వస్తుంది. అదే క్లస్టర్‌లోని ఎం87 వేగం 1,280 కి.మీ. పైచిలుకు. మీరు 0.01 కన్నా తక్కువ రెడ్‌షిఫ్ట్‌లను వదిలేయడం మంచి పని. అక్కడ వేగాన్ని నమ్మకుండా, కాంతి ఒడిదుడుకుల పద్ధతి లాంటి స్వతంత్ర దూరాలు తీసుకోవాలి.

పటం శుభ్రంగా రావాలంటే డేటా దించుకునేటప్పుడే కొన్ని వడపోతలు పెట్టండి. ఎస్‌డీఎస్‌ఎస్ స్పెక్‌ఆబ్జ్ పట్టికలో జెడ్‌వార్నింగ్ (రెడ్‌షిఫ్ట్ మీద హెచ్చరిక) 0 ఉన్నవే తీసుకోండి. స్పెక్‌ఆబ్జ్‌ఆల్ వాడకండి, ఒకే గెలాక్సీ రెండు మూడు సార్లు వస్తుంది. ప్రధాన గెలాక్సీ నమూనా మాత్రమే కావాలంటే లెగసీ_టార్గెట్1 కాలమ్‌లో 64, 128, 256 బిట్లలో ఏదో ఒకటి ఉండాలి. ఈ షరతు మరిచిపోతే తరవాతి సర్వేలు వేరే ఉద్దేశాలతో ఎంచుకున్న గెలాక్సీలు కలిసిపోయి, ఎక్కడ ఎక్కువ పరిశీలించారో అక్కడ గుంపు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

గుంపు_గణితం

మూడో ప్రశ్నకు నేను చెప్తాను. వాడుకలో ఉన్న పద్ధతి ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్. హుక్రా, గెల్లర్ 1982లో ఆకాశ సర్వేలకు తగినట్టు దీన్ని మలిచారు. ఒక గెలాక్సీకి నిర్ణీత దూరంలో ఉన్నవన్నీ దాని నేస్తాలు, ఆ నేస్తాల నేస్తాలు కూడా అదే గుంపు. గొలుసు తెగేదాకా వెళ్లాలి.

కీలకం ఏమిటంటే గొలుసు లంకె పొడవు రెండు దిశల్లో రెండు రకాలుగా ఉండాలి. ఆకాశం మీద అడ్డంగా చిన్నది, చూపు దిశలో పెద్దది. చూపు దిశలో ముల్లు సాగిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ సడలింపు లేకపోతే కోమా పది ముక్కలవుతుంది. బెర్లిండ్ బృందం 2006లో ఎస్‌డీఎస్‌ఎస్‌కు సూచించిన విలువలు: అడ్డంగా 0.14, చూపు దిశలో 0.75. ఈ రెండూ గెలాక్సీల మధ్య సగటు దూరంలో భాగాలు.

లెక్క ఇలా వేయండి. ముందు ఘనపరిమాణ పరిమిత నమూనా కట్టాలి, అంటే ఎంచుకున్న దూరమంతా కనిపించేంత ప్రకాశం ఉన్నవే ఉంచాలి. ప్రధాన నమూనాలో ఆర్ బ్యాండ్ ప్రకాశ హద్దు 17.77. రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర ఇది సుమారు −19 నిరపేక్ష ప్రకాశానికి (దూరంతో పని లేని అసలు ప్రకాశం; అంకె ఎంత ఋణమైతే అంత వెలుగు) సమానం, 0.07 దగ్గర −19.8, 0.1 దగ్గర −20.6. అంటే మీ పటం బయటి అంచుకు వెళ్లేకొద్దీ చిన్న గెలాక్సీలు రాలిపోయి పెద్దవే మిగులుతాయి. రెడ్‌షిఫ్ట్ 0.07 వరకు వెళ్లదలిస్తే −19.8 కన్నా మసక గెలాక్సీలను దగ్గరలో ఉన్నా సరే తీసేయాలి. బాధగానే ఉంటుంది, సగానికి పైగా డేటా పోయినట్టనిపిస్తుంది. కానీ ఇది చేయకుండా వేసిన గుంపుల లెక్కకు అర్థం లేదు.

తరవాత మిగిలిన గెలాక్సీల సంఖ్యను ఘనపరిమాణంతో భాగించండి. ఉదాహరణకు ఘన మెగాపార్సెక్‌కు 0.005 వచ్చిందనుకుందాం. దాని విలోమానికి ఘనమూలం 5.85 మెగాపార్సెక్‌లు, ఇది సగటు దూరం. అడ్డం లంకె 0.14 రెట్లు, అంటే 0.82 మెగాపార్సెక్‌లు. చూపు దిశ లంకె 0.75 రెట్లు, అంటే 4.4 మెగాపార్సెక్‌లు, వేగంలో చెప్పాలంటే సెకనుకు 307 కి.మీ. కోమా లాంటి క్లస్టర్ చెదురు 1,000 కి.మీ. ఉండగా 307తో ఎలా సరిపోతుందని అడగవచ్చు. సభ్యులు దట్టంగా ఉంటారు కాబట్టి ఒక్కో అడుగు చిన్నదైనా గొలుసు ఈ చివర నుంచి ఆ చివరకు చేరుతుంది.

ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి.

అడ్డం లంకెను పెంచితే గ్రేట్ వాల్ మొత్తం ఒకే గుంపైపోతుంది. చూపు దిశ లంకెను పెంచితే ముందు వెనుకల ఉన్న సంబంధం లేని గుంపులు అతుక్కుంటాయి. కోడ్‌లో ఎక్కువగా దొర్లే పొరపాటు రైట్ అసెన్షన్ తేడాను డెక్లినేషన్ కొసైన్‌తో గుణించకపోవడం. మీ ముక్కలో ఆ గుణకం సుమారు 0.87, వదిలేస్తే తూర్పు పడమర దూరాలు 15 శాతం పెరుగుతాయి. ఆస్ట్రోపైలోని స్కైకోఆర్డ్ వాడితే ఈ గొడవ ఉండదు.

అంచుల సంగతి మరిచిపోవద్దు. ఏబెల్ 1795 క్లస్టర్ డెక్లినేషన్ 26.6 డిగ్రీల దగ్గర, రెడ్‌షిఫ్ట్ 0.063లో ఉంది. మీ ముక్క దిగువ హద్దు 26.5. సగం క్లస్టర్ కత్తెరకు పోయింది. గుంపులు వెతికేటప్పుడు అన్ని వైపులా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ తీసుకుని, గుంపులు తేలాక మాత్రమే 26.5–32.5కు కుదించండి.

ఇంకో రంధ్రం ఉంది, అది ఎస్‌డీఎస్‌ఎస్ యంత్రంలోనే ఉంది. అల్యూమినియం పలక మీద గెలాక్సీకొక ఫైబర్ గుచ్చేవారు, పలకకు 640 ఫైబర్లు. రెండు ఫైబర్ల మధ్య 55 ఆర్క్ సెకండ్ల ఎడం తప్పనిసరి. అంతకన్నా దగ్గరున్న జంటలో రెండోదానికి వర్ణపటం దొరకదు, ఆ చోట రెండు పలకలు ఒకదానిమీదొకటి వస్తే తప్ప. మొత్తం మీద 6 శాతం దాకా లక్ష్యాలు ఇలా తప్పిపోయాయి, వాటిలో ఎక్కువ పోయింది దట్టమైన క్లస్టర్ మధ్యల్లోనే. రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర 55 ఆర్క్ సెకండ్లంటే 54 కిలోపార్సెక్‌లు. విలీనానికి సిద్ధంగా ఉన్న జంటలు సరిగ్గా ఈ దూరంలోనే ఉంటాయి. ఫొటో పట్టికలోంచి 17.77 లోపు ఉన్నవాటిని తీసి, వర్ణపటం లేనివాటికి అతి దగ్గరి పొరుగు గెలాక్సీ రెడ్‌షిఫ్ట్‌నే ఇవ్వడం వాడుకలో ఉన్న సర్దుబాటు. గుంపు లెక్కకు ఇది పనికొస్తుంది. విడి గెలాక్సీ ధర్మాలకు పనికిరాదు.

ఇదంతా చేసే ఓపిక లేకపోతే యాంగ్ బృందం తయారుచేసిన గుంపుల పట్టిక వాడండి. అందులో గుంపు ద్రవ్యరాశి అంచనా, మధ్య గెలాక్సీ ఏదో కూడా ఉంటాయి. ఏజీఎన్ పనికి ఆ చివరి సమాచారం బంగారం.

కేంద్రకం

రెండో ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది, కాస్త నిదానంగా చెప్తాను. మీ ఎర్ర చుక్కలు తగ్గడానికి రెండు కారణాలు కలిసి ఉన్నాయి. కొంత నిజమైన భౌతికశాస్త్రం, కొంత గుర్తింపు పద్ధతి చేసే మోసం. విడదీయకుండా ఏ తీర్పూ చెప్పకండి.

ముందు కోడ్‌లో ఒకచోట చూసుకోండి. బీపీటీ పటంలో అడ్డం అక్షం నైట్రోజన్ 6584 రేఖను హైడ్రోజన్ ఆల్ఫాతో భాగించి తీసిన లాగరిథమ్, నిలువు అక్షం ఆక్సిజన్ 5007ను హైడ్రోజన్ బీటాతో భాగించి తీసినది. కౌఫ్‌మన్ 2003 గీత: నిలువు = 0.61 ÷ (అడ్డం − 0.05) + 1.3. కెవ్లీ 2001 గీత: నిలువు = 0.61 ÷ (అడ్డం − 0.47) + 1.19. ఇవి హైపర్‌బోలాలు. అడ్డం విలువ 0.05 దాటగానే కౌఫ్‌మన్ సూత్రం గుర్తు మారిపోయి గీత ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ‘గీతకు పైన ఉంటే ఏజీఎన్’ అని మాత్రమే రాస్తే ఆ ప్రాంతంలో ఉన్న అసలైన ఏజీఎన్‌లన్నీ నక్షత్రోత్పత్తి గెలాక్సీల ఖాతాలో పడతాయి. ‘అడ్డం 0.05 లేదా ఎక్కువైతే నేరుగా ఏజీఎన్’ అని షరతు చేర్చాలి, కెవ్లీకి 0.47 దగ్గర అలాగే. నైట్రోజన్ నిష్పత్తి ఎక్కువ ఉండేవి భారీ గెలాక్సీలు, అవి క్లస్టర్లలోనే ఎక్కువ. ఒక్క షరతు లేకపోతే మీ ముల్లులోంచే చుక్కలు మాయమవుతాయి.

తరవాత సిగ్నల్. నాలుగు రేఖల్లోనూ సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 3 దాటాలని సాధారణంగా అడుగుతారు. ముసలి ఎర్ర గెలాక్సీల్లో హైడ్రోజన్ బీటా రేఖ నక్షత్రాల శోషణలో మునిగి ఉంటుంది. ఎంపీఏ-జేహెచ్‌యూ పట్టిక నక్షత్రాల వెలుగును మోడల్‌తో తీసేసి రేఖలు కొలుస్తుంది, అయినా బలహీన రేఖలు 3 దాటవు. అలా రాలిపోయేవి ఎక్కువగా క్లస్టర్ గెలాక్సీలే. ఆ పట్టికలో బీపీటీక్లాస్ అనే కాలమ్ సిద్ధంగా ఉంది: 1, 2 నక్షత్రోత్పత్తి, 3 మిశ్రమం, 4 ఏజీఎన్, 5 బలహీన సిగ్నల్ ఉన్న లైనర్‌లు (తక్కువ అయనీకరణ రేఖలున్న కేంద్రకాలు), −1 వర్గీకరించలేనివి. మీ ఫలితాన్ని దానితో పోల్చి చూడండి, పెద్ద తేడా వస్తే మీ షరతుల్లో లోపం ఉన్నట్టే. ముల్లులో −1, 5 ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి.

లైనర్‌లను చూసి మురిసిపోవద్దు కూడా. గ్యాస్ కొద్దిగా మిగిలిన ముసలి గెలాక్సీలో, రెడ్ జయింట్ దశ దాటిన వేడి నక్షత్రాల వెలుగే ఆ గ్యాస్‌ను వెలిగించి లైనర్ రేఖలు పుట్టించగలదు. కృష్ణబిలం అవసరమే లేదు. సిడ్ ఫెర్నాండెస్ బృందం 2011లో చెప్పిన వడపోత: హైడ్రోజన్ ఆల్ఫా ఈక్వివలెంట్ విడ్త్ (చుట్టూ ఉన్న వెలుగుతో పోల్చిన రేఖ బలం) 3 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా తక్కువైతే దాన్ని ఏజీఎన్‌గా లెక్కించకండి, 6 దాటితే బలమైనది. కొన్ని పట్టికల్లో ఉద్గార రేఖ విడ్త్ ఋణ సంఖ్యగా రాస్తారు, గుర్తు చూసుకుని వాడండి.

సెయ్‌ఫర్ట్ 1 రకం క్రియాశీల గెలాక్సీలు వేరే దారిలో తప్పిపోతాయి. వాటి హైడ్రోజన్ రేఖలు సెకనుకు వేల కిలోమీటర్ల వెడల్పుంటాయి, ఆల్ఫా రేఖ పక్కనున్న నైట్రోజన్ రేఖలను మింగేస్తుంది. వాటికి బీపీటీ పటం వర్తించదు. ఎస్‌డీఎస్‌ఎస్ వాటిలో చాలావాటికి క్లాస్ కాలమ్‌లో క్యూఎస్‌ఓ (క్వేజార్) అని రాస్తుంది, గెలాక్సీ మాత్రమే అడిగితే అవి మీదాకా రావు. విడిగా తెచ్చి కలపండి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ఉచ్చు, నక్షత్ర ద్రవ్యరాశి. బీపీటీతో దొరికే ఏజీఎన్‌లు ఎక్కువగా సూర్యుడికి వెయ్యి కోట్ల రెట్లు దాటిన గెలాక్సీల్లో ఉంటాయి. క్లస్టర్‌లో భారీ గెలాక్సీల వాటా వేరు, బయట వేరు. కాబట్టి క్లస్టర్ మొత్తాన్ని బయట మొత్తంతో పోల్చకూడదు. ప్రతి క్లస్టర్ గెలాక్సీకి లాగరిథమ్‌లో 0.1 లోపు అదే ద్రవ్యరాశి, 0.005 లోపు అదే రెడ్‌షిఫ్ట్ ఉన్న బయటి గెలాక్సీలను జతచేసి, అప్పుడు శాతాలు చూడండి. ద్రవ్యరాశి ఎంపీఏ-జేహెచ్‌యూ పట్టికల్లోని గాల్‌స్పెక్‌ఎక్స్‌ట్రాలోనే ఉంది.

రెడ్‌షిఫ్ట్ ఎందుకు జతకలపాలంటే, ఫైబర్ వెడల్పు ఆకాశంలో 3 ఆర్క్ సెకండ్లు. కోమా దూరంలో అది గెలాక్సీ మధ్యలోని 1.4 కిలోపార్సెక్‌లను మాత్రమే చూస్తుంది, 0.07 దగ్గర 4 కిలోపార్సెక్‌లను. దూరం పెరిగేకొద్దీ డిస్క్‌లోని నక్షత్రోత్పత్తి వెలుగు కలిసి కేంద్రకం మసకబారుతుంది. అసలు ఈ పనికి కోమా మంచి ఎంపిక కాదు. 0.04 నుంచి 0.07 మధ్య పని చేయండి. కోమాను ముల్లు చూపించడానికి ఉంచుకోండి.

ఇవన్నీ సర్దినా తేడా మిగులుతుంది. 1985లో డ్రెస్లర్, థాంప్సన్, షెక్ట్‌మన్ క్లస్టర్లలో సుమారు 1 శాతం, బయట 5 శాతం గెలాక్సీల్లో ఏజీఎన్ రేఖలు చూశారు. 2004లో కౌఫ్‌మన్ బృందం ఎస్‌డీఎస్‌ఎస్‌తో, ఒకే ద్రవ్యరాశి దగ్గర కూడా, బలమైన ఆక్సిజన్ రేఖ ఉన్న ఏజీఎన్‌లు పలచని చోట్ల దట్టమైన చోట్లకన్నా సుమారు రెట్టింపు ఉన్నాయని తేల్చింది.

కారణం గ్యాస్. క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దాన్ని చీల్చుకుంటూ వెళ్లే గెలాక్సీ తన చల్లని గ్యాస్‌ను పోగొట్టుకుంటుంది. ఆ వేగంలో రెండు గెలాక్సీలు ఎదురుపడినా కలిసిపోవు, దాటిపోతాయి. వేగాల చెదురు 200, 300 కి.మీ. ఉండే చిన్న గుంపుల్లోనే విలీనాలు జరిగి, గ్యాస్ కేంద్రకానికి జారి, కృష్ణబిలానికి మేత దొరుకుతుంది. ఒక మినహాయింపు ఉంది. గ్యాస్ ఊడిపోతున్న ఆ కొద్దికాలంలో కొంత లోపలికీ పడుతుంది. తోకలు సాగిన జెల్లీఫిష్ గెలాక్సీల్లో అత్యంత తీవ్రమైన ఏడింటిని మ్యూజ్ పరికరంతో చూసిన పొజ్జాంటి బృందం 2017లో కనీసం ఐదింటిలో ఏజీఎన్ ఉందని చెప్పింది.

స్లైస్27

వర్ణరేఖ గారికి, గుంపు_గణితం గారికి, కేంద్రకం గారికి ధన్యవాదాలు. కౌఫ్‌మన్ గీత 0.05 దాటాక తిరగబడే సంగతి సరిచేశాక ముల్లులో ఎర్ర చుక్కలు కొంత పెరిగాయి. రెండు మాటలు మిగిలాయి. గుంపులో 40 మంది సభ్యులుండి 2 ఏజీఎన్‌లు దొరికితే 5 శాతం అని రాయవచ్చా? ఎం87, ఎన్‌జీసీ 1275 సంగతి ఇంకా అర్థం కాలేదు.

కేంద్రకం

శాతం రాయండి, పక్కన హద్దులు కూడా రాయండి. 40లో 2 అంటే విల్సన్ పద్ధతిలో 95 శాతం నమ్మకంతో 1.4 నుంచి 16.5 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. డ్రెస్లర్ 1 శాతం, 5 శాతం తేడాను ఒక్క క్లస్టర్‌తో పట్టుకోలేరు. ఒకే రకం ద్రవ్యరాశి ఉన్న గుంపులన్నిటినీ కలిపి పేర్చండి. అప్పుడే అంకెకు బలం వస్తుంది. చిన్న సంఖ్యలకు వర్గమూలం పద్ధతి దోషం వాడకండి, ఋణ శాతాలు వస్తాయి.

మధ్య గెలాక్సీల సంగతి రేడియో వైపు పనిచేసేవాళ్లు చెప్తే బాగుంటుంది.

మీటర్_తరంగం

చెప్తాను. ఎం87, ఎన్‌జీసీ 1275 మీ నియమానికి మినహాయింపులు కావు, వేరే నియమానికి ఉదాహరణలు. బీపీటీ పటం పట్టేది చల్లని గ్యాస్‌ను వేగంగా మింగుతూ వెలిగే కృష్ణబిలాలను. రేడియో పట్టేది తక్కువ మేతతో, ఎక్కువ శక్తిని జెట్‌గా చిమ్మేవాటిని. ఈ రెండో రకం క్లస్టర్ మధ్యలనే కోరుకుంటుంది. బెస్ట్ బృందం 2005లో చూపినట్టు రేడియో ఏజీఎన్ ఉండే అవకాశం నక్షత్ర ద్రవ్యరాశికి సుమారు 2.5 ఘాతంలో పెరుగుతుంది. 2007లో ఇంకో మెట్టు ఎక్కి, అదే ద్రవ్యరాశి ఉన్న ఇతర గెలాక్సీలకన్నా గుంపు మధ్యలోని అతి పెద్ద గెలాక్సీకి ఆ అవకాశం మరింత ఎక్కువని తేల్చారు.

ఎందుకంటే మధ్య గెలాక్సీకి మేత బయటి నుంచి దొరుకుతుంది. క్లస్టర్ నడిబొడ్డున వేడి వాయువు దట్టంగా ఉండి ఎక్స్-రేలు చిమ్ముతూ చల్లారుతుంది, చల్లారినది మధ్యకు జారుతుంది. కృష్ణబిలం మేల్కొని జెట్ చిమ్ముతుంది, ఆ జెట్ వాయువును మళ్లీ వేడెక్కిస్తుంది. పెర్సియస్‌లో 2003లో చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు ఆ వాయువులో ధ్వని తరంగాలను చూసింది, వాటి ఆవర్తన కాలం కోటి ఏళ్ల స్థాయిలో ఉంది. 2016లో జపాన్ ఎక్స్-రే ఉపగ్రహం హిటోమి అదే క్లస్టర్ మధ్య వాయువు కల్లోల వేగం కొలిస్తే సెకనుకు 164 కి.మీ. మాత్రమే. ఇంత పెద్ద జెట్ పక్కన వాయువు ఇంత నెమ్మదిగా ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎం87 జెట్‌ను హెబర్ కర్టిస్ 1918లోనే ఫొటో పలక మీద గమనించాడు. దాని కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి 650 కోట్ల రెట్లని 2019లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు చెప్పింది.

మీ పటంలో వీటిని చేర్చే పద్ధతి చెప్తాను. 1.4 గిగాహెర్ట్జ్ సర్వేలు రెండు తీసుకోండి, ఫస్ట్, ఎన్‌వీఎస్‌ఎస్. ఫస్ట్ స్పష్టత 5 ఆర్క్ సెకండ్లు, ఎన్‌వీఎస్‌ఎస్‌ది 45. స్థానం సరిచూడటానికి ఫస్ట్ వాడండి, గెలాక్సీ మధ్య నుంచి 3 ఆర్క్ సెకండ్ల లోపు మూలం ఉండాలి. మొత్తం తీవ్రతకు ఎన్‌వీఎస్‌ఎస్ వాడండి. జెట్ చివర విశాలంగా పరుచుకున్న లోబ్‌ల (రేడియో మేఘాల) వెలుగును ఫస్ట్ పోగొడుతుంది. ఎన్‌వీఎస్‌ఎస్ ఒక్కటే వాడితే క్లస్టర్ మధ్యలో పక్క గెలాక్సీ మూలం మీ గెలాక్సీకి అంటుకుంటుంది. రెండు లోబ్‌లు మాత్రమే ఉండి మధ్యలో కోర్ కనిపించని మూలాలను చిత్రం చూసి చేత్తో కలపక తప్పదు.

నక్షత్రోత్పత్తి కూడా రేడియోలో వెలుగుతుంది. అందుకే హెర్ట్జ్‌కు 10 ఘాతం 23 వాట్‌ల పైన ఉన్నవి తీసుకుంటే ఎక్కువ భాగం ఏజీఎన్‌లే. రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర ఇది సుమారు 17 మిల్లీజాన్‌స్కీలు (రేడియో తీవ్రత ప్రమాణం), ఎన్‌వీఎస్‌ఎస్ హద్దు 2.5 కాబట్టి సులువుగా దొరుకుతుంది. మన దేశపు జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్‌లో చేసిన టీజీఎస్‌ఎస్ సర్వే కూడా చేర్చండి. పాతబడిన లోబ్‌లు తక్కువ పౌనఃపున్యంలోనే మెరుస్తాయి. జెట్ ఆగిపోయి కోట్ల ఏళ్లయిన గెలాక్సీలు అక్కడ పట్టుబడతాయి.

మీ ముక్క అంచున తెగిపోయిన ఏబెల్ 1795నే చూడండి. దాని మధ్య గెలాక్సీలో 4సీ 26.42 అనే రేడియో మూలం ఉంది. మధ్య గెలాక్సీ హద్దుకు కాస్త లోపలే ఉంది కాబట్టి ఇది మీ రేడియో చుక్కల్లో మొదటి వరుసలో వస్తుంది. ఆ గెలాక్సీ చుట్టూ హైడ్రోజన్ ఆల్ఫా తీగలు కూడా ఉన్నాయి, కాబట్టి బీపీటీలో వచ్చే రేఖలు కేంద్రకానివే అనుకోకండి.

ఎక్స్-రేలు మూడో కన్ను. ఏబెల్ 2104 క్లస్టర్‌లో మార్టిని బృందం 2002లో చంద్రాతో ఆరు ఏజీఎన్‌లు పట్టింది, వాటిలో ఒక్కదానికి మాత్రమే కాంతి వర్ణపటంలో స్పష్టమైన ఏజీఎన్ రేఖలున్నాయి. కాబట్టి పటంలో మూడు రంగులు పెట్టండి: బీపీటీ ఎరుపు, రేడియో నీలం, ఎక్స్-రే ఆకుపచ్చ. ముల్లు నడుమ నీలం, ముల్లు బయట ఎరుపు ఎక్కువవుతాయి.

గుంపు_గణితం

ఒక చిన్న చేర్పు. పటం పూర్తయ్యాక గుంపు, క్లస్టర్, సూపర్‌క్లస్టర్ అని పేర్లు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మొదటి రెండూ గురుత్వాకర్షణ కట్టిపడేసినవి. సూపర్‌క్లస్టర్ మొత్తంగా అలా కట్టుబడి ఉండదు, వ్యాకోచం దాన్ని విడదీస్తూనే ఉంటుంది. కాబట్టి వేగాల చెదురు నుంచి ద్రవ్యరాశి తీసే వైరియల్ సూత్రం గుంపుకు, క్లస్టర్‌కు వాడండి, గ్రేట్ వాల్‌కు వాడకండి.

పుణేలోని ఐయూకా, ఐసర్ సంస్థల పరిశోధకులు 2017లో ప్రకటించిన సరస్వతి సూపర్‌క్లస్టర్ కూడా ఎస్‌డీఎస్‌ఎస్ డేటాలోంచే బయటపడింది. రెడ్‌షిఫ్ట్ సుమారు 0.28, వెడల్పు సుమారు 200 మెగాపార్సెక్‌లు, మీనరాశి వైపు, స్ట్రైప్ 82 అనే పట్టీలో. 17.77 హద్దుతో అక్కడ −23 స్థాయి గెలాక్సీలే కనిపిస్తాయి. అంత దూరంలో గుంపులు వెతకాలంటే పైన చెప్పిన బిట్ల వడపోత తీసేసి, ఎర్ర దీప్త గెలాక్సీల నమూనాకు మారాలి. లంకెల పొడవు కూడా ఆ నమూనా సాంద్రతతో మొదటి నుంచి లెక్కగట్టాలి. 0.82 మెగాపార్సెక్‌లు అక్కడికి తీసుకెళ్తే ఒక్క గుంపూ దొరకదు.